రికార్డుకెక్కని బండ
(హైదరాబాదు శిలల రక్షణ చరిత్ర గురించి కొన్ని ఆలోచనలు)

నేను తెలుగు చెప్పే ఉన్నత పాఠశాల హైదరాబాదుకు పడమటి అంచున ఉంది. బడి ప్రహరీగోడ వెనక ఒక గుట్ట ఉంది. నేను ఇక్కడికి బదిలీ అయి వచ్చిన కొత్తలో మధ్యాహ్నం మూడు దాటితే చాలు, దాని నీడ మా వరండా మీదికి వచ్చేది. ఇప్పుడు ఆ గుట్టలో మూడోవంతు మిగిలింది. నీడ మా దాకా రావడం లేదు.

2025 ఏప్రిల్ మొదటి వారంలో, కంచ గచ్చిబౌలి వార్తలు పత్రికల నిండా ఉన్న రోజుల్లో, తొమ్మిదో తరగతి పిల్లలకు ‘మన గుట్టలను కాపాడుకుందాం’ అని వ్యాసం ఇచ్చాను. దాదాపు అందరూ గైడులో ఉన్నట్టే రాశారు. ప్రకృతి మన తల్లి అని మొదలుపెట్టి, దాన్ని కాపాడుకోవడం మన కర్తవ్యం అని ముగించారు. ఒక్క వడ్డెర పిల్లవాడు మాత్రం కాగితం ఖాళీగా ఇచ్చాడు. ఎందుకు రాయలేదని అడిగాను. “మా తాత బండ కొట్టే మమ్ముల సాదిండు సార్. బండను కాపాడుమంటే మా తాత తప్పు చేసిండనే గదా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇరవై ఏళ్లుగా అభ్యుదయ సాహిత్యం చదువుతున్నవాణ్ణి, శ్రమజీవి పక్షాన నిలవాలని నలుగురికి చెప్పేవాణ్ణి, ఒక శ్రమజీవి మనవడు అడిగిన ప్రశ్న ముందు తెల్లబోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే హైదరాబాదు నగరంలో కొన్ని రాళ్లూ కొన్ని వనాలూ ఎట్లా రక్షణకు నోచుకున్నాయి, తక్కినవి ఎందుకు నోచుకోలేదు అనే చరిత్రలోకి వెళ్లవలసి వచ్చింది. ఆ చరిత్రలో నాకు తేలిన విషయం ఇది: నగరంలో ఒక బండ నిలవడానికీ పోవడానికీ దాని వయసు గానీ, అందం గానీ, అవసరం గానీ కారణం కాలేదు. దాన్ని ఏ కాగితంలో ఏ మాటతో రాశారు, ఆ మాట రాసే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నదే కారణమయింది. మాటలతో పని చేసే మనబోటివాళ్లకు ఇందులో సంబంధం ఉందని నా ఉద్దేశం.

బండ వయసు

ముందు బండ గురించి భూగర్భ శాస్త్రం చెప్పే సంగతి చూద్దాం. హైదరాబాదు కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు లేవడం మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్లే అయింది. దక్కనులో పడమటి భాగాన్ని కప్పిన లావా పొరల వయసు సుమారు ఆరున్నర కోట్లు. వీటితో పోలిస్తే మన గుట్టలు ఎంత పాతవో ఊహించుకోవచ్చు.

ఇది భూమి లోతున కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. పైన ఉన్న పొరలు కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయాక, నెత్తిన బరువు తగ్గి, రాయిలో నిలువుగా అడ్డంగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీటికి మెత్తబడి మట్టి అవుతుంది. నలుపలకల రాయికి అంచులూ మూలలూ ముందు అరుగుతాయి కాబట్టి కాలం గడిచేకొద్దీ లోపల గుండ్రటి గుండు మిగులుతుంది. చుట్టూ ఉన్న మట్టిని వానలు కడిగేశాక ఒక గుండు మీద ఇంకో గుండు పేర్చినట్టు కనిపిస్తుంది. ఎవరో రాక్షసులు ఆడుకుని వదిలేశారని మన పల్లెల్లో చెప్పుకునే రాళ్లు ఇట్లా ఏర్పడినవే.

ఈ బండ ఊరికే పడి ఉండదు. వాన నీటిని తాను తాగదు, కిందికి జార్చి చెరువుకు అందిస్తుంది. పగుళ్లలో మట్టిని పట్టి ఉంచి చెట్టుకు చోటిస్తుంది. గోల్కొండ పక్కన దుర్గం చెరువు రాళ్ల మధ్య పడిన పల్లంలో నిలిచిన నీరు. కుతుబ్‌షాహీల కాలంలో అది కోటకు తాగునీరు ఇచ్చింది. గుట్టనూ చెరువునూ వేర్వేరు శాఖల కింద చూసే అలవాటు మన కాలానిది. వానచుక్కకు అవి రెండూ ఒకటే దారి.

ఊళ్ల పేర్లలో ఈ ఎరుక ఇంకా మిగిలి ఉంది. మాదాపూరు పక్కన ఒక ఊరి పేరు గుట్టల బేగంపేట. గొల్లకొండ గోల్కొండ అయింది. నౌబత్ పహాడ్, పహాడీ షరీఫ్, మౌలాలీ గుట్ట, పత్థర్‌గట్టీ — తెలుగూ ఉర్దూ కలిసి ఈ రాళ్లకు పేర్లు పెట్టాయి. 1591లో నగరం వేశాక చార్మినారు, మక్కా మసీదు, చాలా కాలం తర్వాత ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, అన్నింటిలోనూ ఈ గ్రానైటే ఉంది. నగరం రాతి మీద కట్టబడడమే కాక, రాతితోనే కట్టబడింది.

అక్షరం ఉన్న బండ, అక్షరం లేని బండ

ఇక మన సంగతికి వద్దాం. తెలుగు ఎమ్మే చదివిన ప్రతివారికీ కురిక్యాల బొమ్మలగుట్ట తెలుసు. కరీంనగర్ జిల్లాలో ఆ గుట్ట మీద జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయకు ముందే మనకు పద్యం ఉందనడానికి ఆ బండ సాక్ష్యం. ఆ గుట్టకు ఏమైనా అయితే సాహిత్య లోకం కదులుతుంది, కదలాలి కూడా. కానీ పద్యం చెక్కని పక్క బండ మాటేమిటి? దాని గురించి మనం ఒక్క వాక్యం రాయం. మనకు బండ విలువ దాని మీది అక్షరంతో మొదలవుతున్నది.

మన భాష కూడా ఈ నిర్లక్ష్యానికి సహకరించింది. పనికిరానివాటిని ‘రాళ్లూ రప్పలూ’ అంటాం. తెలివిలేనివాణ్ణి బండవాడంటాం. దయలేనివాడిది రాతిగుండె. అభ్యుదయ కవిత్వం ఈ విషయంలో కొంత మార్పు తెచ్చింది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివాక ఏ కట్టడం చూసినా దాని వెనక కూలీ గుర్తుకు రావడం మనకు అలవాటయింది. హైదరాబాదులోనే తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసిన చెరబండరాజు రాళ్లు కొట్టే శ్రామికుణ్ణి పాటకెక్కించాడు. ఇది గొప్ప మార్పు. అయినా ఈ కవిత్వంలోనూ రాయి కట్టడమైన తర్వాతో, శ్రమకు ఎదురు నిలిచినప్పుడో కనిపిస్తుంది. ఎవరూ కట్టనిది, ఎవరూ కొట్టనిది, ఊరికే ఉన్నది అయిన బండ మన సౌందర్య దృష్టికి బయటే ఉండిపోయింది.

ఈ లోపం మనది మాత్రమే అయితే ఇంత చెప్పనక్కరలేదు. చట్టం చూపు కూడా సరిగ్గా ఇట్లాగే ఉంది.

దేవుడి బండ, నవాబు వనం

హైదరాబాదులో బండకు దొరికిన మొదటి రక్షణ విశ్వాసం. బండ కింద మైసమ్మకు పసుపూ కుంకుమా పెట్టారు. గుట్ట మీద పీరుకు చిల్లా కట్టారు. మౌలాలీ గుట్ట మీది దర్గా కుతుబ్‌షాహీల నాటిది. జెండా ఎగిరిన బండ మీద సమ్మెట పడలేదు. దీన్ని మూఢనమ్మకం అని తోసిపుచ్చడం తేలిక. జనం తమకు అవసరమైన దాన్ని కాపాడుకోవడానికి వారి చేతిలో ఉన్న ఒకే ఒక్క శాసనం అదేనని గ్రహించడమే చారిత్రక దృష్టి. కానీ ఆ రక్షణకు ఒక హద్దు ఉంది. డబ్బు చేరిన తర్వాత దేవుడికి బండ చాలదు, గుడి కావాలి. నౌబత్ పహాడ్ మీద 1976లో రాజస్థాన్ పాలరాయితో మందిరం లేచింది. అది అందమైన కట్టడమే. ఇప్పుడు నగరవాసి ఆ గుట్టను తలెత్తి చూస్తే కనిపించేది పాలరాయి. కింద ఉన్న 250 కోట్ల ఏళ్ల బండ మెట్లకు ఆధారంగా మిగిలింది.

రెండో రక్షణ ప్రభువుల విలాసం. నేడు నగరం నడుమ, అంచున ఉన్న జాతీయ ఉద్యానవనాల పుట్టుక చూస్తే ఇది స్పష్టమవుతుంది. వనస్థలిపురంలో కృష్ణజింకలున్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటమైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. జూబిలీ హిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఆవరణ. అంటే, నవాబు వేటకూ విడిదికీ కంచె వేసుకున్న చోటే ప్రజాస్వామ్యంలో ప్రకృతిగా గుర్తింపు పొందింది. పల్లె పశువులు మేసిన చోటు పొందలేదు.

ఇది హైదరాబాదుకే పరిమితం కాదు. బెంగుళూరు లాల్‌బాగ్‌లో ఉన్న పెద్ద శిలను భారత భూగర్భ పరిశోధన సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. నగరం నడిబొడ్డున ఆ బండ నిలిచింది. దాని చుట్టూ హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట ఉండడం అందుకు పెద్ద సాయమయింది. బొంబాయి అంధేరీలో గిల్బర్ట్ హిల్ అనే నిలువెత్తు నల్లరాతి కొండకు అట్లాంటి తోట లేదు. చుట్టూరా క్వారీలు తవ్వేయగా మిగిలిన స్తంభానికి 2007లో నగరపాలక సంస్థ వారసత్వ హోదా ఇచ్చింది. ఇప్పుడది భవనాల మధ్య చిక్కి ఉంది.

బంజారా హిల్స్ కథ ఇంకొంచెం విచిత్రమైనది. ఆ గుట్టల్లో బంజారాలు ఉండేవారు. గత శతాబ్దం తొలి సగంలో మెహదీ నవాజ్ జంగ్ అక్కడ రాళ్లను పగలగొట్టకుండా, వాటినే గోడలుగా చేసుకుని ఇల్లు కట్టుకున్నారు. 1933లో నగరానికి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ గుట్టలు చూసి కవిత రాశారు. రాతితో సహజీవనం చేసే సంస్కారం ఈ నగరంలో లేకపోలేదని ఇది చెబుతుంది. అయితే ఆ సంస్కారానికి స్థోమత కావలసి వచ్చింది. తర్వాత వచ్చినవారు స్థోమతను తీసుకున్నారు, సంస్కారాన్ని వదిలేశారు. బంజారాలు పేరులో మిగిలారు.

నిబంధన 13

స్వతంత్ర భారతంలో హైదరాబాదు రాళ్లకు చట్టరీత్యా దొరికిన రక్షణ చిన్న కథ. నగరాభివృద్ధి సంస్థ 1981 నాటి జోనింగ్ నిబంధనలకు 1995లో పదమూడో నిబంధన చేర్చారు. దాని ప్రధాన ఉద్దేశం పాత కట్టడాల పరిరక్షణ. దేవిడీలు, మహళ్లు, కమాన్లు. ఆ జాబితాలోకి తొమ్మిది సహజ శిలా సముదాయాలు కూడా చేరాయి. తర్వాత మరికొన్ని వచ్చాయి. 1996లో రాళ్ల పరిరక్షణకే ఒక సంఘం ఏర్పడి, ప్రభుత్వం చుట్టూ తిరిగి, జనాన్ని రాళ్ల మధ్యకు నడకలకు తీసుకువెళ్లి ఈ ఎరుకను పెంచింది. దాని కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ ఒక విషయం గమనించాలి. బండకు బండగా చట్టంలో చోటు లేదు. అది కట్టడాల జాబితాలో, మహళ్ల పక్కన, అతిథిగా కూర్చుంది. అతిథికి ఇంటిమీద హక్కు ఉండదు. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ పదమూడో నిబంధననే తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఇర్రం మంజిల్ అనే మహలును కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. మంచిదే. మహలుకు వంశం ఉంది, ఛాయాచిత్రాలు ఉన్నాయి, కట్టినవారి పేరు ఉంది. బండకు ఇవేవీ లేవు. కట్టినవాడు లేని వస్తువుకు వారసుడు ఎవరు?

భూగర్భ శాఖ జాబితా వేరే ఉంది. తెలంగాణలో ఆ గుర్తింపు పొందింది భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్ట. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు ఆ గుర్తింపు ఉంది. 2025 సెప్టెంబరులో అవి తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. సముద్రమూ గాలీ కలిసి వేల ఏళ్లలో పేర్చిన ఆ ఇసుక దిబ్బలను చాలా కాలం మనం సినిమా పాటల నేపథ్యంగానే చూశాం. పెరుగుతున్న నగరం వాటి అంచులను ఇప్పటికీ ఒరుసుకుంటూనే ఉంది. జాబితాకెక్కడం అవసరమే, చాలదు.

ఎందుకు చాలదు? ఇక్కడ ఆర్థిక కారణం చూడాలి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరం పడమటికి కదిలింది. గుట్టలన్నీ ఎక్కువగా ఉన్నది ఆ దిక్కే. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. ఆ ధరలో బండ విలువ ఎంత? సున్న కాదు, సున్నకంటే తక్కువ. ఎందుకంటే పునాది తవ్వాలంటే బండను తీసెయ్యడానికి అదనంగా ఖర్చు పెట్టాలి. ఉపయోగపు విలువకూ మారకపు విలువకూ ఉన్న వైరుధ్యాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనబడలేదు. చెరువుకు నీరిచ్చే వాలు మార్కెట్టు లెక్కలో అడ్డంకి. దాన్ని పిండి చేస్తే మాత్రం కంకరగా, ఇసుకగా ధర పలుకుతుంది.

నిఘంటువు సాయం

కంచ గచ్చిబౌలి కథ ఈ చరిత్రకు తాజా అధ్యాయం. అంతా మాటల చుట్టూ తిరిగిన అధ్యాయం కూడా. ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి సుమారు 2300 ఎకరాలు చూపించారు. అందులో 400 ఎకరాలను 2004లో ఒక క్రీడా సంస్థకు కేటాయించారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఆ భూమి ప్రభుత్వానిదేనని 2024లో హైకోర్టు తీర్పు చెప్పింది. 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పని ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి.

రెవెన్యూ రికార్డులో ఆ భూమి పేరు ‘కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ’. నాలుగు మాటలు. కంచ అంటే పశువులు మేసే చోటు. అస్తబల్ అంటే గుర్రాల శాల. పోరంబోకు అంటే పన్ను రానిది. సర్కారీ అంటే ప్రభుత్వానిది. ఒక మాట పశువు గురించి, ఒకటి గుర్రం గురించి, ఒకటి పన్ను గురించి, ఒకటి యజమాని గురించి చెబుతున్నాయి. అక్కడున్న బండలు, చెట్లు, కుంటలు, నెమళ్లు, జింకలు ఈ నాలుగు మాటల్లో ఎక్కడా లేవు. రికార్డులో అడవి అని లేదు కాబట్టి అది అడవి కాదు అన్నది పాలకుల వాదం.

ఈ వాదానికి ఎదురు నిలిచింది ఒక నిఘంటువు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ‘అడవి’ అన్న మాటను నిఘంటువు చెప్పే అర్థంలో తీసుకోవాలి. భూమి ఎవరిదైనా సరే. 2023లో పార్లమెంటు అటవీ చట్టాన్ని సవరించి ఈ పరిధిని కుదించబోతే, 2024 ఫిబ్రవరిలో కోర్టు నిఘంటు అర్థాన్నే పాటించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పదాల అర్థాల కోసం జీవితాలు వెచ్చించిన మన నిఘంటుకారులను ఇప్పుడు తలచుకోవాలి. ఒక పదానికి అర్థం నిలబడితే ఒక అడవి నిలబడే అవకాశం ఉందని ఈ ఉదంతం నేర్పుతున్నది.

అడవికి దొరికిన ఈ అండ బండకు దొరకలేదు. చెట్టు ఉంటే అడవి అనవచ్చు. ఉత్త బండ ఏ చట్టానికీ ఏమీ కాదు. ఆ విశ్వవిద్యాలయ పరిసరాల్లో పుట్టగొడుగు ఆకారంలో ఒక ప్రసిద్ధమైన రాయి ఉంది. దాన్ని మాత్రం అలాగే ఉంచుతామని ప్రభుత్వం అప్పట్లో హామీ ఇచ్చింది. నాకు ఆ హామీలోనే మొత్తం దృక్పథం కనిపించింది. ఒక అందమైన రాయిని కంచె వేసి బొమ్మలా నిలబెట్టి, దాన్ని కన్న వాలునీ, దాని నీరు చేరే కుంటనీ చదును చేస్తే కాపాడింది ఏమిటి? కావ్యంలో ఒక్క పద్యం దాచుకుని మిగిలిన తాళపత్రాలను పొయ్యిలో పెట్టడం వంటిది అది. బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం చుట్టూ 2020లో ప్రకటించిన రక్షణ మండలం వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, అత్యధికంగా 29.8 మీటర్లు. మా తరగతి గది వెడల్పు ఆరు మీటర్లు.

తాతకు జవాబు

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు రావాలి. గుట్టలను కొట్టినవాడు వడ్డెర. చెరువు కట్టకు, కోట గోడకు, ఇంటి పునాదికి, రోడ్డుకు రాయి ఇచ్చినవాడు. మంట పెట్టి బండను వేడెక్కించి పొర లేపడం, ఇనుప చీల దించి సమ్మెట దెబ్బతో సరిగ్గా గీత వెంట చీల్చడం, రాయి లోపలి పగులు ఎటు పోతుందో చెవి పెట్టి వినడం — ఇదంతా ఒక శాస్త్రం. రాయి గురించి భూగర్భ శాస్త్రజ్ఞుడి తర్వాత అంత తెలిసినవాడు అతడే. కానీ ఏ గుట్ట కొట్టాలో, ఎంత కొట్టాలో ఎన్నడూ అతడు నిర్ణయించలేదు. కూలి చేసినవాడు, నిర్ణయం చేసినవాడు వేరు. కంప్రెసర్లు, పేలుడు మందు, క్రషర్లు వచ్చాక ఒక గుట్ట మాయం కావడానికి తరాలు అక్కరలేదు, రోజులు చాలు. ఆ యంత్రాలు గుట్టతో పాటు వడ్డెర పనిని కూడా మింగాయి. చాలామందికి మిగిలింది క్రషర్ దగ్గర రోజు కూలి. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది, అది నయం కాదు.

కాబట్టి బండకూ తాతకూ శత్రుత్వం లేదు. ఇద్దరినీ ఒకే లెక్క పిండి చేసింది. రాళ్లను కాపాడాలనే ఉద్యమం తాతను నిందితుడిగా చూసినంత కాలం అది ఆదివారం నడకగానే ఉంటుంది. శ్రమజీవి పక్షం మాట్లాడే మనం బండను రాళ్లూ రప్పలూ అనుకున్నంత కాలం మన పక్షపాతం కూడా సగమే.

మనం చేయగలిగిందేమిటి? కోర్టుకు పోవడం, ధర్నాలో కూర్చోవడం అవసరమైనప్పుడు చేయాలి. కానీ మనకు మాత్రమే చేతనైన పని ఒకటి ఉంది. సురవరం ప్రతాపరెడ్డి రాజుల చరిత్ర పక్కన పెట్టి జనం తిండీ బట్టా ఆటా పాటా ఏరి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. ఆ పద్ధతిలో గుట్టల పేర్లు, బండల పేర్లు, వాటి చుట్టూ ఉన్న పనుల పేర్లు, కథలు సేకరించాలి. పేరు లేని దాన్ని తుడిచివేయడం తేలిక. రెవెన్యూ రికార్డు నాలుగు మాటల్లో చెప్పినదానికి జనం భాషలో నాలుగు వందల మాటలు ఉండవచ్చు. అవి కాగితం మీదికి రాకముందే చెప్పేవాళ్లు వెళ్లిపోతున్నారు.

జూన్‌లో బడి తెరిచాక పదో తరగతికి వచ్చిన ఆ పిల్లలకు మళ్లీ వ్యాసం ఇచ్చాను. ఈసారి అంశం మార్చాను. ‘మన బడి వెనక గుట్ట మీద ఏ బండ పేరేమిటి, ఆ పేరు మీకు ఎవరు చెప్పారు?’ అని అడిగాను. గైడులో దీనికి జవాబు లేదు. చాలామంది రెండు మూడు వాక్యాల దగ్గర ఆగారు. ఆ వడ్డెర పిల్లవాడు రెండు పేజీలు రాసుకొచ్చాడు. తాత చెప్పిన పేర్లు ఏడు. పక్కన అందులో మూడు ఇప్పుడు లేవని రాశాడు. ఒక పేరు ఎదురుగా ‘ఇది మా తాత కొట్టిండు, మా ఇంటి కడప దీనిదే’ అని ఉంది. ఇంకొక పేరు ఎదురుగా ‘దీని కింద గుండంల ఎండకాలం గూడ నీళ్లుంటయి. దీన్ని కొట్టనని మా తాత ఆ దినం కూలి ఇడిసిపెట్టి వచ్చిండు’ అని ఉంది.

ఆ బండ ఇంకా ఉంది. ఏ జాబితాలోనూ లేదు. పిల్లవాడి కాగితాలకు నేను మార్కులు వేయలేదు. తాత పేరు, ఊరు, తేదీ వేసి మా బడి గ్రంథాలయం రిజిస్టరులో ఎక్కించాను.